సాక్షి దిబ్బ మీద పిడికెడు మన్ను

మునుసామి మేస్త్రి నోరు తెరిస్తే ఓవర్సీరు చేతిలోని టేపు కూడా జానెడు సాగుతుందని కోవిల్పట్టి చుట్టుపక్కల నవ్వుకొనేవారు. నవ్వితే నవ్వారు గాని, మన్నుపని పడినప్పుడు అందరూ మొదట వెతికేది ఆయననే.

పొద్దు వాలేవేళ పత్తిమిల్లు పొగగొట్టం నీడ వచ్చి పడే చోట, ఊరికి తూర్పున, ఒడ్డెవాళ్ళ గుడిసెలుండేవి. బావులు తవ్వడం, కట్టలు పోయడం వాళ్ళ బతుకు. మగవాళ్ళు గడ్డపార పడితే ఆడవాళ్ళు తట్టలు మోసేవారు. మునుసామీ తవ్వేవాడే. కాని ఆయన అసలు పని తవ్వకానికి ముందొకటి, తరువాతొకటి. ముందు ఒప్పందం మాట్లాడాలి. తరువాత అళవు దగ్గర, అంటే కూలి కట్టడానికి కొలత వేసేచోట, నిలబడి పోట్లాడాలి. రాయి తగిలితే రాయి అనిపించాలి, వాన వచ్చి గుంట పూడితే ఆ పూడిక ఎవరి నెత్తినో తేల్చాలి. ఒక్క తట్టెడు మన్నయినా లెక్క తప్పి పోనిచ్చేవాడు కాదు.

అళవుకు ఆధారం సాక్షి దిబ్బ. గుంట తవ్వేటప్పుడు నడుమ ఒక చిన్న దిబ్బను ముట్టకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత నేల, పాత గడ్డి అలాగే ఉంటాయి. పని అయ్యాక ఆ దిబ్బ ఎత్తు కొలిస్తే గుంట లోతు తేలిపోతుంది. ఆ తరువాతే దానిని నరికి ఆ మన్నూ మోస్తారు. బుద్ధి వంకరైన మేస్త్రి దొంగతనంగా దాని మీద మన్ను పోసి ఎత్తు పెంచుతాడు. బుద్ధి వంకరైన కంపెనీ మనిషి నెత్తి చెక్కేసి తగ్గిస్తాడు. అందుకని మునుసామి దిబ్బ మీద కాకి వాలినా ఊరుకొనేవాడు కాదు, రాయి తీసేవాడు.

"నన్ను ఒక్కనాడన్నా ఇట్ల కాచినావా? ఆ దిబ్బనే పెండ్లి చేసుకోని ఉండొచ్చు గదా!" అనేది పెళ్ళాం మూక్కమ్మాళ్, తట్ట దించుతూ.

"చేసుకోని ఉందును. అది ఎదురు మాట్లాడదే!"

"మాట్లాడని దానికాడ నీ నోరు ఏమి చేస్తాదంట?" అని ఆమె నవ్వేది. గుంపంతా నవ్వేది.

విరుదుపట్టి పేరు విరుదునగర్‌గా మారి అప్పటికి కొన్నేళ్ళే అయింది; పెద్దల నోట ఇంకా పాత పేరే తిరిగేది. అక్కడొక మిరపకాయల మండీ అరుగు మీద సిలోను ఒప్పందం కుదిరింది. సిలోను అడవిలో ఎప్పుడో తెగిపోయిన పెద్ద చెరువుకట్టను మళ్ళీ లేపే పని ఒక తెల్లదొరల కంపెనీ తీసుకుంది. వాళ్ళకు కూలీ గుంపులను కుదిర్చే ఏజెంటు సుబ్బురాజ్. మిరపఘాటుకు తుమ్ముతూ ఆయన కాగితం చదువుతుంటే, మునుసామి మాటమాటకూ ఆపేవాడు. రాయికి వేరే రేటు. గుంటలో నీళ్ళు తోడడం కంపెనీ పని. అళవు ముగియగానే తిరుగు ప్రయాణం కంపెనీదే.

"రాజుగారూ, ఇంగొక మాట రాయండ. సాచ్చిదిబ్బ మింద ఎవురు చెయ్యి పెట్టినా ఆ గుంట అళవు వాళ్ళకి లేదు."

"ఎవురంటే?"

"ఎవురైనా. మీ దొర పెడితే నేను చెప్పిందే అళవు. నేను పెడితే నాకు అళవే లేదు."

సుబ్బురాజ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "నీ నోరు ఎక్కితే ఓడ మునిగిపోతాదయ్యా మేస్త్రీ!" అంటూనే ఆ మాట రాశాడు. ఇంటికి వచ్చి మునుసామి ఆ సంగతి మూడిళ్ళలో చెప్పుకున్నాడు. ఆ తెలివి ఆయనకు అంత ముద్దొచ్చింది.

రైలెక్కారు, సిలోను పోయేవాళ్ళను నిలిపి చూసే మండపం శిబిరంలో సూదులు పొడిపించుకున్నారు, ఓడెక్కారు. అక్కడ మన్ను ఎరుపు. మన నల్లమన్నులాగా కాలికి అంటుకొని వెంటరాదు. పెద్దగుంట తవ్వకం మొదలైంది. రొమ్మెత్తు దిగేసరికి నడుమ సాక్షి దిబ్బ గడ్డి టోపీ పెట్టుకున్నట్టు నిలిచింది. మూక్కమ్మాళ్ తట్టకూ తట్టకూ నడుమ దానికి వీపు ఆనించి కూర్చొని ఆకూవక్కా వేసుకొనేది. తట్ట కింద నెత్తిన పెట్టుకోవడానికి పాత చీర పేలికను చుట్టి చేసుకున్న చుమ్మాడు ఒళ్ళో ఉండేది.

"నీ సవతి నీడ చల్లగా ఉండాది," అనేది మొగుడితో.

వానలు పడే రోజుల్లో కూలీలుండే లైను ఇళ్ళలోకి వాంతిభేది వచ్చింది. పొద్దున కడుపులో బాగాలేదని లైనులోనే పడుకున్న మూక్కమ్మాళ్, గుంపు కట్ట మీది నుంచి తిరిగొచ్చేసరికి లేదు. రోగం అంటుకుంటుందని ఆసుపత్రి బండివాళ్ళు అప్పటికే శవాన్ని తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో అడిగితే అడవివైపు చెయ్యి చూపించారు. అటు ఎవరినీ పోనివ్వలేదు. గోడ మేకుకు చుమ్మాడు మాత్రం వేలాడుతూ ఉంది.

ఒడ్డెవాళ్ళలో అయినవాళ్ళందరూ తలా పిడికెడు మన్ను వెయ్యనిదే పోయిన మనిషికి పడక దొరకదంటారు. గుంపులో పెద్దది బొమ్మక్క, మునుసామికి మేనత్త. తెల్లారి ఆమె, శవానికి బదులు పూడ్చడానికి చుమ్మాడు పట్టుకొని గుంటలోకి దిగింది. వెనకాల ఆడవాళ్ళంతా దిగారు.

"దిబ్బ కాడికి పోవద్దండ!" మునుసామి కేకేశాడు. "అత్తా, వేరే యాడైనా పెట్టు."

"యాడ పెట్టేదిరా? ఈ ఊర్లో అది వీపు ఆనించిన చోటు ఇంగేదన్నా ఉంటే చూపించు."

మూక్కమ్మాళ్ తమ్ముడు మాయాండి దగ్గరికొచ్చాడు. "బావా, మా అక్కకి మన్ను లేకుండా చేస్తావా?"

ఎవరూ ముట్టకూడదని సముద్రం ఇవతలే రాయించి వచ్చిన మనిషి, దిబ్బ నెత్తిన చుమ్మాడు పెట్టి, మొదటి పిడికెడు తానే వేశాడు. తరువాత అందరూ వేశారు. అళవుకు ముందు తీసేద్దామనే అనుకున్నాడు. రోజూ పొద్దున ఒంటరిగా వచ్చి దిబ్బ పక్కన నిలబడేవాడు. చెయ్యి లేచేది కాదు. ఎండకు ఆ మన్ను గట్టిపడింది.

అళవు రోజు దొరతో సుబ్బురాజ్ కూడా వచ్చాడు. గుంట చూసి మెచ్చుకున్న దొర, దిబ్బ చూసి ఆగిపోయాడు.

"ఏమిది మేస్త్రీ?" అన్నాడు సుబ్బురాజ్.

"మన్ను."

"అది నాకూ కనపడుతుండాది. ఎవురు పెట్టిండేది?"

"నేనే."

సుబ్బురాజ్ ముఖం చిన్నబోయింది. "నీ మాటే రాసిండాము గదయ్యా. నువ్వు పెడితే నీకు అళవే లేదు. అళవు లేకుంటే తిరుగు ప్రయాణమూ లేదు. ఇంగొక గుంట తవ్వి తీర్చినంకనే ఓడ."

అందరూ మునుసామి నోటివంక చూశారు. ఎన్ని అళవుల్లో ఎంతమంది ఓవర్సీర్లను ఉక్కిరిబిక్కిరి చేసిన నోరు! ఆ రోజు అందులోంచి ఒక్క మాట రాలేదు. చివరికి బొమ్మక్కే రొమ్ము బాదుకుంటూ జరిగింది చెప్పింది. సుబ్బురాజ్ దానిని దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర టోపీ తీసి, కాసేపుండి మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదో అన్నాడు.

"కింద పాత గడ్డి ఉంటే అళవు ఇస్తానంటుండాడు. పైమన్ను తీసి చూపించాల."

"తియ్యొద్దు!" అని ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు.

మాయాండి అడ్డం వచ్చాడు. "ఒద్దు బావా. ఇంగో వానకాలం ఉండి తవ్వేస్తాము. మా అక్కను లేపొద్దు."

మునుసామి గుంట గట్టు వైపు చూశాడు. అక్కడ మాయాండి పెళ్ళాం సీనియమ్మాళ్ గోనెసంచి కప్పుకొని చలిజ్వరంతో వణుకుతూ ఉంది. పక్కన ఇంకొందరు.

"ఉండి, ఇంగ ఎవురికి మన్ను వేద్దామురా?" అన్నాడు.

పార తీసుకోలేదు. వేళ్ళతోనే గీరాడు. గట్టిపడిన మన్ను పెళ్ళలుగా లేచింది. చుమ్మాడు బయటపడింది, తడికి అణగి రొట్టెలాగా. దానిని ఎత్తితే కింద గడ్డి ఉంది. కుండ కింద చాన్నాళ్ళు పడి ఉన్న గడ్డిలాగా తెల్లబడి, వేర్లతో సహా ఉంది. దొర వంగి చూసి తల ఊపాడు. టేపు దించారు. అళవు సరిపోయింది. అంగుళం తగ్గలేదు.

కొలత అయిన దిబ్బను నిలపకూడదు. కట్టకు ఆ మన్నూ కావాలి. అదీ ఒప్పందమే. గడ్డపార వెయ్యడానికి ఎవరికీ చేతులు రాకపోతే మునుసామే వేశాడు. గీరి తీసిన మన్నూ దిబ్బ మన్నూ కలిపి తట్టకెత్తాడు. తవ్వే మగవాళ్ళు తట్ట మొయ్యరు. ఆయన మూక్కమ్మాళ్ చుమ్మాడు తన నెత్తిన పెట్టుకొని, ఆ తట్ట మోసుకొని కట్ట ఎక్కాడు. పైన వరుసగా ఆడవాళ్ళు పోసిన మన్ను కుప్పల నడుమ తానూ పోశాడు. మరో తట్టతో వచ్చేసరికి తాను పోసింది ఏదో ఆయనకే తెలియలేదు.

మిగిలిన గుంపంతా ప్రాణాలతో ఊరు చేరింది. సీనియమ్మాళ్ కోలుకుంది, తరువాత ఇద్దరు బిడ్డలను కన్నది. మునుసామి మాత్రం అళవు దగ్గర నిలబడడం మానేశాడు. ఒప్పందాలు మాయాండి మాట్లాడేవాడు. వాడికి అంత నోరు లేదు. అక్కడక్కడ తట్టలకు తట్టలే లెక్క తప్పి పోయేవి. మునుసామి వాటిని పోనిచ్చేవాడు. కాని ఏ పని కుదిరినా ముందుగా ఒకటి అడగమనేవాడు. పని అయ్యాక ఒక దిబ్బను నరకకుండా వదిలెయ్యాలి, ఆ మన్నుకు తమకు కూలి అక్కరలేదు. ఓవర్సీర్లు పిచ్చివాడనుకొని ఒప్పుకొనేవారు. విళాత్తికుళం దారిలో ఒకటి, కడంబూరు రైలుకట్ట పక్కన ఒకటి అట్లా నిలిచాయి.

చివరగా తవ్వింది విరుదునగర్ బయట, ఒక మిల్లు నీళ్ళగుంట. అప్పటికి ఆయన మీసం పూర్తిగా నెరిసింది. ఐప్పసి నెల వానలకు గుంట నిండితే నడుమ దిబ్బ మీద కొంగలు వాలేవి. ఎండలు ముదిరి నీళ్ళు ఇంకాక, ఒకనాడు ఆయన రైలు దిగి అక్కడికి నడిచి వచ్చాడు. నల్లమన్ను కదా, నీళ్ళకు దిబ్బ కరిగిపోయింది. గుంట అడుగున పగుళ్ళిచ్చిన బురద ఒకే మట్టంగా పరుచుకొని ఉంది.

మిగిలిన కాసిని నీళ్ళలో బట్టలు జాడిస్తున్న ఒక పిల్ల, ముసలాయన వంగి వంగి నేల వెతకడం చూసి అడిగింది.

"ఏమి పోగొట్టుకున్నావు తాతా?"

మునుసామి నడుము నిటారు చేసుకున్నాడు.

"ఏమీ లేదమ్మా," అన్నాడు. "అళవు చూసిపోదామని వచ్చినాను."