మంచం వైపు తిరిగిన ముల్లు

ఈ సంగతి మొత్తం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ల్యాబ్‌లో చెబితే నవ్వుతారు, మా ఊళ్లో చెబితే తాయెత్తు కడతారు. నాకు రెండూ అక్కర్లేదు. దెయ్యాలని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

మాది అక్కుపల్లి, సముద్రం ఒడ్డు పల్లె. విశాఖలో పరిశోధన చేస్తున్నాను. డిస్ప్రోసియం అనే రేర్ ఎర్త్ లోహం ఉన్న అణువులతో నా పని. ద్రవ హీలియంతో విపరీతంగా చల్లబరిచి, దగ్గర అయస్కాంతం పెట్టి తీసేస్తే, అవి కాసేపు ఆ దిక్కునే పట్టుకుని ఉంటాయి. తర్వాత మెల్లగా వదిలేస్తాయి. ఎంత మెల్లగా అన్నదే నేను కొలుస్తాను. కాస్త వెచ్చబడితే చాలు, అన్నీ మరిచిపోతాయి.

మొన్న వేసవిలో నాన్న జబ్బుచేసి పోయాడు. చేపల వేటకి వెళ్లినన్నాళ్లూ ఆయన జేబులో ఒక ఇత్తడి కంపాసు ఉండేది. చివరి నెలల్లో అరుగు మీద నులకమంచంలో పడుకుని దాన్నే గుప్పిట్లో పట్టుకునేవాడు.

పోయినవాళ్ల వేట సామాను పెద్దకర్మ నాడు సముద్రంలో విడవడం మా ఇంటి ఆచారం. అవి సర్దుతుంటే చూశాను. కంపాసు ముల్లు ఉత్తరం వైపు లేదు. అప్పటికే తీసేసిన ఆ మంచం ఉండే మూల వైపు ఉంది.

చెడిపోయిందనుకున్నాను. వంటింట్లో పెట్టాను, పెరట్లో జీడిచెట్టు కింద పెట్టాను, వీధిలో పెట్టాను. ఎక్కడ పెట్టినా ఆ మూలకే తిరిగింది. మా తీరంలో నల్ల ఇసుక అయస్కాంతానికి అంటుకుంటుంది, అదేమోనని అరుగంతా కడిగాను. కాశీబుగ్గ నుంచి కొత్త కంపాసు తెచ్చి అదే చోట పెట్టి చూశాను. అది బుద్ధిగా ఉత్తరం చూపించింది.

చిన్నాన్న వచ్చి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "మా అన్న ఇంకా మంచం దిగనేదు. అది ఇంట్లో ఉన్నన్నాల్లూ ఆడెల్లడు. ఇలాగియ్యే."

అమ్మ కూడా ఇచ్చెయ్యమంది. ఆమె అరుగు మీదికి రావడమే మానేసి, పెరటి గుమ్మం నుంచే తిరుగుతోంది.

పెద్దల ముందు ఎప్పుడూ మాట్లాడని దాన్ని. ఆ రోజు మాత్రం ముల్లు ఉత్తరానికి తిరిగేదాకా ఇవ్వనన్నాను.

"నోట్లో నాలిక నేని పిల్లవి, ఈ పట్టేటే నీకు," అన్నాడు చిన్నాన్న. వల, తెడ్డు మాత్రమే సముద్రానికి వెళ్లాయి. అయ్యని డబ్బీలో దాచుకున్న పిల్ల అని వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి నవ్వేవారు. నవ్వనిచ్చాను.

ఆ తర్వాత ముల్లు మెల్లగా ఉత్తరం వైపు కదలడం మొదలైంది. కిటికీ గట్టు మీద కంపాసు పెట్టి, రోజూ పొద్దున్నే ముల్లు ఉన్నచోట పెన్సిల్ గీత గీశాను. మొదట్లో గీతల మధ్య ఎడం ఎక్కువ. రానురానూ తగ్గింది. నా అణువులు దిక్కు వదిలేటప్పుడు కూడా ఇలాగే వదులుతాయి. కానీ వాటికి హీలియం చలి కావాలి. ఇక్కడ రేకుల కింద నాకు చెమట కారుతోంది. ఆ ముల్లు ఉట్టి ఉక్కు ముక్క.

నేను చదివిన ఏ లెక్కలోనూ ఇది ఇమడదు. అలాగని దెయ్యమని అనను. నా కళ్లు మోసపోయాయంటే అదీ ఒప్పుకోను. గీతలు ఇంకా గట్టు మీదే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఒక ఉదయం ముల్లు ఉత్తరానికి చేరి ఆగిపోయింది. అన్న మాట ప్రకారం చిన్నాన్నకి ఇవ్వడానికి లేచాను. అన్నాళ్లకి మొదటిసారి అమ్మ అరుగు మీదికి వచ్చింది. నా చేతిలోంచి కంపాసు తీసుకుని, మంచం ఉండే మూలన కూర్చుని, చాలాసేపు దాన్నే చూసింది.

"అప్పుడే తిరిగిపోనాదా," అంది. "ఇంకొన్నాల్లుంటే దీనికేటి పోయిందే."