జర్మేన్ కాని పెద్దకొడుకు

నా చిన్నప్పుడు, పాలకుర్తి పక్కన ఉన్న మా గడి, కోటలాంటి దొరల ఇల్లు, చేయి జారి, మేము మడికొండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్న రోజుల్లో, మా తాతయ్య తల్లి చనిపోయింది. మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె హన్మకొండలో మా చిన్నతాత దగ్గర ఉండేది. ఆయన పేరున్న వకీలు. పెద్ద పెద్ద అధికారులు పరామర్శకు వచ్చే ఇంట్లో మా వెలిసిన బట్టలు కనబడకూడదని, అన్నకు కబురు పంపకుండా తల్లికి కొరివి తానే పెట్టేశాడు.

పదో రోజు పొద్దున మా పాత ఊరి మంగలి ఆ కర్మకే పోతూ, దారిలో మా గడప ముందు ఆగాడు. "ఇదేంది దొరా, ఇంక బయలెల్లలేదా? ఇయ్యాల పెద్ద దొర్సాని పదో దినం గదా!"

తాతయ్య కట్టుబట్టలతోనే బిందెడు నీళ్ళు కుమ్మరించుకుని, తడి ధోవతితో నా చేయి పట్టుకుని బస్సెక్కాడు. మంగలి మా వెంటే వచ్చాడు.

హసన్‌పర్తి చెరువు గట్టున చిన్నతాత పిండాల ముందు కూర్చున్నాడు. తాతయ్య, "జరుగు. పెద్దకొడుకును నేను," అన్నాడు. మా ఇంట్లో తల్లికైనా తండ్రికైనా కర్మ పెద్దకొడుకుదే.

చిన్నతాత లేవలేదు. "జర నిమ్మళించు అన్నా. అయ్యేదేదో అయిపోయింది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఇప్పుడు జర్మేన్ కాదు."

విషయానికి సంబంధం లేదనడానికి ఆయన కోర్టులో వాడే ఇంగ్లీషు మాట అది. వెనక ఎవరో నవ్వారు. "గడి పోయినా దొరతనం పోలే!" నాకు రాయి తీసుకుని కొట్టాలనిపించింది.

గడిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషు నిఘంటువులు తిరగేసిన తాతయ్య గొంతు పెంచలేదు. "ఆ మాట పుట్టుక తెల్సా నీకు? లాటిన్‌ల ఒక్క తల్లికి, ఒక్క తండ్రికి పుట్టిన తోబుట్టువును అట్ల అనేటోళ్ళు. దాంట్లకెల్లి దగ్గరి చుట్టం అన్న అర్థమొచ్చింది. నువ్వు కోర్టుల వాడేది అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. నీ తోడబుట్టినోన్ని నేను. నాకన్న జర్మేన్ ఎవడున్నడ్రా ఈడ?"

కర్మ చేయిస్తున్న అయ్యగారు చిన్నతాత ముఖం చూశాడు. చిన్నతాత కూర్చున్న చోటు నుంచి లేవకుండా చెరువు వైపు చూశాడు.

అప్పుడు మంగలి, ఎవరి సెలవూ అడగకుండా, గట్టు మీదే తాతయ్యకు గుండు చేశాడు. తాతయ్య మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, నువ్వులు లేవు, దర్భ లేదు, మంత్రం లేదు, ఉత్త దోసిలితో తల్లికి నీళ్ళు వదిలాడు. అక్కడ మెతుకు ముట్టకుండా వచ్చేశాము.

బస్సులో తాతయ్య అన్నాడు: "వాడు లేదంటే పొయ్యే సంబంధం కాదు బిడ్డా ఇది. మనం వద్దన్నా పోదు." మొదటి మాట నాకు నచ్చింది. రెండోది మింగుడు పడలేదు.

తాతయ్య పోయిన చాలా ఏళ్ళకు చిన్నతాత పోయాడు. అప్పుడూ కబురు రాలేదు, బజార్లో విన్నాను. ఇంటికొచ్చి కట్టుబట్టలతో నీళ్ళు పోసుకున్నాను. ఆ మైల రోజులన్నీ గడ్డం గీయలేదు, దేవుడి ముందు దీపం పెట్టలేదు. "మనల్ని మనుషుల్లెక్క చూడనోళ్ళకు ఇదంతా ఎందుకు?" అని నా భార్య అడిగింది. ప్రేమతో చేయలేదు. ఆయన మీద కోపం ఈనాటికీ పిసరంతైనా తగ్గలేదు. కానీ ఆ మైల నా పుట్టుకతో నాకు వచ్చిన హక్కు. దాన్ని కూడా వాళ్ళకు వదిలిపెట్టను.