ఊరందరికీ మా మామ నెంబరే

ఆదివారం పొద్దున మా మేనమామ భద్రాచలం ఆసుపత్రిలో పోయాడు. ఆ కబురు ఆయన ఫోను నుంచే వచ్చింది. మా అత్తకు అంకెలు రావు, నర్సమ్మ నొక్కి చేతికిచ్చిందట. "మీ మామ లేడే బిడ్డా" అని అత్త ఏడుస్తుంటే మధ్యలో టింగుమని మెసేజి మోత. ఊళ్లో ఎవరిదో బ్యాంకు మెసేజి అయ్యుంటుంది. మనిషి పోయి గంట కాలేదు, బ్యాంకుకు మాత్రం ఆయనతో పని తీరలేదు. అబద్ధమెందుకు, నాకు ముందు కోపమే వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆ కోపం దేనిమీదో చెప్తాను. మామది దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే దారిలో నలభై గడపల ఊరు. పత్తి, మిర్చి, ఎండాకాలంలో బీడీలకు తునికాకు. కొన్నేళ్ల కింద బ్యాంకువాళ్లు బడి ముందు టెంటు వేసి అందరికీ ఖాతాలు తెరిచారు. ఫారంలో ఫోను నెంబరుకో గడి ఉంది. అప్పటికి ఊళ్లో ఫోను ఉన్నది మామకొక్కడికే, మిర్చి ధర కనుక్కోవడానికి కొన్నాడు. "నాది రాయుండ్రి సారూ, ఏమైతది" అన్నాడట. ఏమవుతుందో మామకు తెలియకపోవచ్చు, ఆ సారుకు తెలియాలి కదా! నలభై ఇళ్లకూ ఒకే నెంబరు రాసుకుని, చాయ్ తాగి, ఫోటో దిగి వెళ్లిపోయాడు.

పింఛనైనా, ఉపాధి కూలి అయినా, ఆకు పైసలైనా ఖాతాలోనే పడతాయి. తీసుకోవాలంటే మండలంలో సేవా కేంద్రానికి పోయి వేలిముద్ర వేయాలి. ఆకు కోసి, మిర్చి ఏరి అరిగిపోయిన వేళ్లను ఆ మిషన్ గుర్తుపట్టదు. అప్పుడు ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ మామ ఫోనుకు వస్తుంది. మామ ఊళ్లో సిగ్నల్ ఉండదు. ఊరి వెనక గుట్ట ఎక్కితేనే వస్తుంది. అందుకని ఊళ్లోవాళ్లు మండలం పోయిన రోజల్లా మామ సద్దిగిన్నె, గొడుగు పట్టుకుని గుట్ట మీద బండపై కూర్చునేవాడు. ఫోనును గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకునేవాడు. నా పెళ్లికి కూడా అక్షింతలు వేసి, అన్నమైనా తినకుండా పోయాడు, ఆ రోజు పింఛన్ల రోజని.

"నీకేంది మామా ఈ ఖర్మ?" అంటే నవ్వేవాడు. "పైసలు వాళ్లయి బిడ్డా, మోకాళ్లే నాయి."

అడగ్గానే అంకెలు చెప్పేరకం కాదు. దొంగ ఫోన్లుంటాయని ఎక్కడో విన్నాడు. ఒకసారి వేసవి సెలవుల్లో నేనూ ఆయనతో గుట్టెక్కాను. ఫోను మోగింది. అవతల పక్కింటామె, గాభరాగా ఉంది. 

"అన్నా, జల్దీ చెప్పు, లైన్ల మస్తు మంది ఉన్రు."

"ముందుగాల నువ్వు చెప్పు. మీ బర్రె పేరేంది?"

"బర్రేడిదన్నా? మొన్న అమ్మినం గదా!"

"అవ్, అమ్మిండ్రు. అయితే నువ్వే. రాస్కో."

ఆ మిషన్ కన్నా మా మామ పరీక్షే గట్టిది. ఆయన కాలంలో ఆ ఊళ్లో ఒక్కరూ మోసపోలేదు.

కానీ ఇదెన్నాళ్లు? ఇప్పుడు ఇంటింటికీ ఫోన్లున్నాయి, నెంబర్లు మార్పించమని పోరుపెట్టాను. పాపం, ఇద్దరిని వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయాడు. ఒకసారి ఫారాలు లేవన్నారు, ఇంకోసారి సర్వర్ లేదన్నారు. రెండు రోజుల కూలి పోయింది, ఆటో కిరాయి అదనం. "మామ ఉన్నడు గదా, ఎందుకీ తిప్పలు" అని ఊరు ఊరంతా ఊరుకుంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మామకు మాత్రం, చెప్పకపోయినా, లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఈసారి ఆకు పైసలు పడ్డ వారమే ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆయాసం. దవాఖానాకు పొమ్మని ఫోనులో అరిచాను.

"అందరు మండలం పోతున్రు బిడ్డా. ఈ వారం దాటనియ్."

నేను విసుగొచ్చి ఫోను పెట్టేశాను. ఐదో రోజు ఆ బండ మీదే కూలబడ్డాడు. మంచం మీద కిందికి మోసుకొచ్చారు. నాలుగు రోజుల ముందు తెస్తే బతికేవాడన్నాడు డాక్టరు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క రోజు నేనే పోయి చెయ్యి పట్టుకుని తీసుకుపోవాల్సింది. పోలేదు. బ్యాంకు మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో గానీ ఇది చల్లారదు.

మామ పోయిన మూడో రోజున బ్యాంకుకు పోయాను.

"పాత నెంబరు ఎవరి పేర ఉందో ఆయనొచ్చి సంతకం పెట్టాలె మేడం, అప్పుడే కొత్తది ఎక్కిస్తం."

"ఆ నెంబరాయన పోయిండు సారూ."

"అయితే ఒక్కొక్కరు వచ్చి వేలిముద్ర వెయ్యాలె."

"అది పడకనే గదా ఈ కథంతా!"

"సిస్టం మేడం. మా చేతుల్ల లేదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బయటికొచ్చి చేసేదిలేక మామ నెంబరుకు రీచార్జి చేయించాను.

ఇంటికొచ్చి అత్తకు అంకెలు నేర్పడం మొదలుపెట్టాను. యాభై ఆకులకో కట్ట చొప్పున ఇన్నేళ్లు కట్టలు కట్టిన మనిషి, ఒక్క ఆకు తేడా రానివ్వదు. లెక్క వచ్చు, అంకెలు చదవడమే రాదు. కన్నీళ్లు కారుతుండగానే పలక మీద దిద్దింది. దినాల నాటికి తొమ్మిది దాకా గుర్తుపట్టింది.

దినాలైన మర్నాడే పక్కింటామె మొగుణ్ని ఆసుపత్రిలో చేర్చారు. ఆమె పైసల కోసం మండలం పోయింది. ఇంత తొందరగా గడప దాటొద్దని పెద్దవాళ్లు అత్తను ఆపారు. "ఆయన ఆగిండానే?" అని ఒక్కమాట అని, సంచి మెడలో వేసుకుని, మామ గొడుగు తీసుకుంది. నేను వెనకే ఎక్కాను. అత్త బండ మీద ఒక పక్కకు ఒదిగి కూర్చుంది, ఆయన కూర్చునే చోటు వదిలేసి.

ఫోను మోగింది. "వదినే, నేనే, జల్దీ చెప్పు!"

మెసేజి వచ్చింది. అత్త తెర వైపు చూసి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి పెదాలు కదిలించుకుంది. చదవడం వచ్చేసిందని నాకు అర్థమైంది. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"ముందుగాల నువ్వు చెప్పు," అంది. "మీ బర్రె పేరేంది?"