లాజరు బోరు, ఏసన్న ద్రావకం

ఎర్రగుంట్ల చుట్టుపక్కల బావిలో బోరు దించాలంటే లాజరునే పిలిచేవాళ్లు. ఆ పేరుకు దెబ్బ తగిలింది సిద్దమ్మ చేనిలో. ఇసుకరాయిలో బోరు కూలకుండా ఆయన బంకమన్ను కలిపిన నీళ్లు పోస్తూ దించాడు. ఆ మన్నే రాయి సందుల్లోకి దూరి పూడుకుపోయింది. ఏడాది తిరక్కముందే ఊట సన్నగిల్లి, బావి ఎండి నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే అస్సాం నూనెబావుల్లో పనిచేసి ఏసన్న దిగాడు. లాజరు భార్య కృపమణికి తమ్ముడు. చేతికి గడియారం, నున్నగా దువ్విన క్రాఫు. రచ్చబండ మీద వాడి కబుర్లే.

“ఆడ నూనె రాకుంటే బోరులో ద్రావకం, అదే యాసిడ్, పోస్తారమ్మా,” అన్నాడు సిద్దమ్మతో. “ఇసుకరాయికి గాజును తినేసేది గూడా కలుపుతారు. మన రాయిలో సున్నముండాది, ఉత్త ద్రావకమే చాలు.”

“నా బోరుకు మందు పోస్తావా? దానికేమన్నా కడుపునొప్పా?” అన్నాడు లాజరు. అందరూ నవ్వారు. ఏసన్న కూడా నవ్వాడు. అదే లాజరుకు మరీ గుచ్చుకుంది.

“పొయ్యనీ లాజరూ, ఎండిన బావికి పొయ్యేదేముండాది?” అంది సిద్దమ్మ.

ద్రావకం పడగానే బోరు బుసకొట్టింది. బుస తగ్గేదాకా ఆగి, ఏసన్న తొందరపడ్డాడు.

“ఇంక తోడాల బావా. నిలవుంటే కరిగిన మన్ను మళ్లా పేరుకుంటాది.”

బోరు తోడే గొట్టం, మోకు లాజరువే.

“మోకు నానిపోయినాది, తెగుతాది. రేపు చూస్తాంలే,” అన్నాడు. రేపటికి ఊట మూసుకుంటే వీడి గొప్ప గూడా మూసుకుంటుందని లోపల ఒక చల్లటి ఆశ.

“అయితే ఇట్లియ్యి, నేనే తోడుతా,” అంటూ ఏసన్న మోకు మీద చెయ్యి వేశాడు.

లాజరుకు ఒళ్లు మండిపోయింది. తండ్రి పోయాక ఆ మోకును ఇంకొకడు ముట్టింది లేదు.

“తియ్‌రా చెయ్యి!”

మోకు లాక్కుని గొట్టం తనే దించాడు. కసికొద్దీ తోడాడు. నురుగొచ్చింది, ఎర్రటి బురదొచ్చింది, పొద్దు వాలేసరికి తేటనీళ్లు ఎగదన్నాయి.

తొలి తేటనీళ్లు తోడినవాడికి పంచె పెట్టడం ఆ వైపు ఆనవాయితీ. సిద్దమ్మ లాజరు భుజాన కొత్త పంచె కప్పింది. ఎవరు చూస్తున్నారా అని ఆయన తల తిప్పాడు. జనమంతా ఏసన్న చుట్టూ మూగి ఉన్నారు.

“మా బావి గూడా ఒకసారి చూడప్పా!”

ఆ తర్వాత లాజరు ఒంట్లో సత్తువున్నన్నాళ్లూ బోర్లు దించాడు. ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు అడగక మానేవారు కారు:

“ద్రావకం ఏసన్న బావవు నువ్వేనా?”

“కాదు,” అనేవాడు లాజరు. “వాడే నా బామ్మర్ది.”