పక్క బండలోని పోచమ్మ

మేము రోజూ మొక్కే పోచమ్మ బండను రాళ్ళు కొట్టే మా నాయన తన చేతులతోనే పగలగొట్టాడు. యాభై ఏళ్ళయినా ఆ తప్పును నేను క్షమించలేదు.

మొన్న జూబ్లీ హిల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు కోసం బండలు పేలుస్తుంటే ఆ రాతిదుమ్ము వాసనకు అంతా గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్ళు. అక్కడి గుట్ట మీద అప్పట్లో మాది ఒక్కటే గుడిసె. తల్లి లేదు, తోటి పిల్లలు లేరు. పొద్దంతా పసుపు పూసిన ఆ బండతోనే మాట్లాడేవాణ్ణి. ఎవరిదో బంగళా పునాదికి అది అడ్డం వచ్చింది.

"కొట్టకు నాయనా, పోచమ్మకు దెబ్బ తాకుతది!" అని ఏడ్చాను.

"పిచ్చోడా, అమ్మ నిన్ననే పక్క బండలకు పోయింది. ఇది ఉత్త రాయి," అన్నాడు.

నమ్మాను. ఎండలో గుట్టంతా తిరిగి, కాలుతున్న ఒక్కో బండకూ చెవి ఆనించి పిలిచాను. ఏదీ పలకలేదు. నాయన మాత్రం ఆనాటి నుంచి రాళ్ళకు మొక్కేవాళ్ళను చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

ఆ వాసనతోనే రహమత్ నగర్‌లోని ఇంటికి వెళ్ళి, మంచం పట్టిన నాయనను నిలదీశాను.

"నిజం చెప్పు నాయనా. ఆ దినం పోచమ్మ బండ ఇడిచి పోయిందా?"

గోడవైపు ఒత్తిగిలి అన్నాడు:

"యాడికి పోతది బిడ్డా, అండ్లనే ఉండె. ఉన్నదనుకుంటే నా చేతిల సుత్తె లేస్తుండెనా?"