బొటనవేలి గుట్టు

మా ఆయనకి అబద్ధమాడటం రాదు. ఈ మాట నేను నలుగురిలో అనకుండా ఉండాల్సింది. కడుపులో పెట్టుకుని ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేకపోయేది. ముప్పై ఏళ్లకు పైగా అలాగే పెట్టుకున్నాను కూడా.

ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారి. రైతు తెచ్చిన దిమ్మ మూల చిన్న పలుకు విరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, రంగు చూసి, నాలిక మీద వేసుకుని ధర చెబుతారు. పెళ్లైన కొత్తలోనే నేను ఒకటి కనిపెట్టాను. అబద్ధం చెప్పేటప్పుడు చేతిలో బెల్లం లేకపోయినా ఆయనకి ఆ రెండు వేళ్లూ అలాగే కదులుతాయి. మొహం చూస్తే మాత్రం గుడిలో పూజారిలా ఉంటుంది. "తుమ్మపాలలో రైతు కూకోబెట్టేసేడే, అందుకే ఆలీసెం అయిపోయింది" అంటారు, వేళ్లేమో గాలిని నలుపుతూ ఉంటాయి. ఓహో, స్నేహితుల దగ్గర పేకాటన్నమాట అని లోపల అనుకుని, "అయ్యో, ఏమైనా తిన్నారా మరి?" అని అడిగేదాన్ని. పాయకరావుపేటలో వసూలు ఉందన్నా అంతే, చుట్ట మానేశానన్నా అంతే. వినడం, నమ్మినట్టు తల ఊపడం, వంటింట్లోకి వెళ్లి నవ్వుకోవడం.

అన్నీ నవ్వుకునేవే కావు. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టరుతో మాట్లాడి వచ్చి, "ఏటీ పర్లేదన్నారే. నాలుగు రోజుల్లో ఇంటికి పంపించేత్తారంట" అన్నారు. నేను వేళ్లు చూశాను. చూసి, "దేవుడి దయ" అన్నాను. తర్వాత స్నానాల గదిలోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. బయటికి వచ్చేసరికి ఆయన నాకోసం కాఫీ తెప్పించి పెట్టారు. నాన్న పోయేదాకా ఆ నాలుగు రోజులూ నన్ను కాపాడానని ఆయన అనుకున్నారు. అలా అనుకోనిచ్చాను.

మార్కెట్‌కి బెల్లం రాక తగ్గే రోజుల్లో నాలుగైదు కుటుంబాలం కలిసి ఎక్కడికైనా వెళ్లి వస్తుంటాం. ఎప్పుడూ గుళ్లే. పోయినేడు మాత్రం మగవాళ్లు గోవా అన్నారు. గోవాలో దర్శనం ఎవరిదో అక్కడ దిగాక గాని తెలియలేదు. నది మీద ఓడ, ఓడలో కాసినో! టూరు ఏజెంటు మాట్లాడిన ప్యాకేజీలో మధ్యాహ్నం పూట జరిగే చిన్న పోకర్ టోర్నమెంటుకి మొగుడూపెళ్లాలిద్దరికీ ఎంట్రీ ఉంది. మిగతా ఆడవాళ్లు చెంపలేసుకుని బఫే వైపు పోయారు. నేను మాత్రం కూపన్ ఇలా ఇమ్మన్నాను.

నాకు ఆట తెలుసు మరి. గోవా అనుకున్న దగ్గర్నుంచీ మా ఆయన ఫోన్లో పోకర్ నేర్చుకోవడం మొదలెట్టారు. ఎదురుగా మనిషి లేకపోతే సరదా లేదని, మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టేవారు. చేతిలో రెండేసి ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు. డబ్బుకి బదులు చింతపిక్కలు. నేను ఓడిపోతూ ఉండేదాన్ని. వేళ్లు చూసి గెలవవచ్చని తెలిసినా, ఇంట్లో గెలిచి ఏం చేసుకోను? ఆయన పిక్కలన్నీ తన వైపు లాక్కుని, "ఆడోళ్లకి రమ్మీ సాలే. ఇది బుర్రతో ఆడేది" అని మురిసిపోయేవారు.

ఓడలో ఆట మొదలైంది. ఆ చలి, ఆ లైట్లు, నల్ల కళ్లద్దాల కుర్రకారు. చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుని, మంచి ముక్కలొస్తే ఆడాను, లేకపోతే పడేశాను. అంతే నేను చేసింది. ఉడుకుమోతు మగవాళ్లు ఒక్కొక్కళ్లూ పందెం బిళ్లలు, చిప్పులంటారు వాటిని, అన్నీ ఒకేసారి తోసేసి లేచిపోతుంటే నేను కూర్చునే ఉన్నాను. మా వాళ్లందరూ ఎగిరిపోయి, బల్లల చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డారు. చివరికి ఒక్క బల్ల మిగిలింది. అందులో నేనొకదాన్ని, ఎదురుగా మా ఆయన.

ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. తాడు అవతల నుంచి మార్కెట్ వాళ్లు "మామా, తగ్గొద్దు!" అంటుంటే, పెళ్లికొడుకులా కూర్చున్నారు. అనకాపల్లి వెళ్లాక ఏడాది పొడుగునా చెప్పుకోవడానికి సరిపోయేటంత పరువు ఆ బల్ల మీద పెట్టుకున్నారు. నాకు అది తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించలేను.

ఆ చేతిలో నాకు ఆసూ, తొమ్మిదీ వచ్చాయి. మధ్యలో ఇస్పేటు రాజు, ఒక తొమ్మిది పడ్డాయి, మిగతావి చిన్నచిన్న ముక్కలు. అంటే నాది తొమ్మిదుల జత. రాజున్న వాడెవడైనా నన్ను కొట్టేస్తాడు. అందరూ వదిలేసి మేమిద్దరమే మిగిలాం. ఆయన తన చిప్పులన్నీ రెండు చేతులా ముందుకు తోశారు. రాజు తన దగ్గరే ఉందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. కుడిచేయి బల్ల అంచున ఆనింది. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా, బెల్లం పలుకు నలిపినట్టు తిరుగుతోంది.

నేను ఆలోచిస్తూ కూర్చున్నాను. నా ఆలస్యం ఆయనకి కంగారు పుట్టించింది కాబోలు, "ఒగ్గెయ్యే" అన్నారు, నెమ్మదిగా.

ముక్కలు పంచే అమ్మాయి చెయ్యి ఎత్తింది. "ఓన్లీ ఇంగ్లీష్ ప్లీజ్, సార్" అంది. ఆట మధ్యలో వేరే భాష మాట్లాడకూడదట, ఒకళ్లకొకళ్లు సలహా ఇచ్చుకున్నట్టు లెక్కట. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మా ఇద్దరినీ దొంగల్ని చూసినట్టు చూశారు. ఆ ఒక్క మాటా వాళ్లకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మొగుడి హోదాతో చెప్పింది కాదది, బతిమాలడం. వదిలేస్తే సరిపోయేది. నా దగ్గర ఇంకా చిప్పులున్నాయి, నాకు పోయేదేమీ లేదు. నిజానికి ముక్కలు పడేద్దామనే చెయ్యి కదిపాను.

సరిగ్గా అప్పుడు ఆయన సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి తాడు వైపు తిరిగి, "పాపం, సింతపిక్కలతో ఆడిన మనిసి. దానికేటి తెలుసు?" అన్నారు. మా వాళ్లు గొల్లుమన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాల్" అన్నాను, శుద్ధమైన ఇంగ్లీషులో, ఆయన పందేనికి సరిపడా నా చిప్పులూ ముందుకు తోసి.

ఆయన ముక్కలు తిప్పారు. రాణీ, జాకీ. దేనికీ జత లేదు. ఆయన లేచి నిలబడి, "బాగా ఆడేవే" అని నవ్వి, తాడు కింద నుంచి వంగి అవతలికి వెళ్లారు. ఆ నవ్వు మంచి నవ్వే. ఇంకాసేపటికి నేనూ ఓడిపోయాను. కప్పూ లేదు, కాసూ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆటలో గెలుపోటములు ఎవరికైనా ఉంటాయి. ఓడ పైకి వెళ్లి అందరం టీ తాగుతుంటే, మార్కెట్లో మా పక్క కొట్టాయన, "వదినా, బ్లఫ్ అని ఎలా తెలిసింది నీకు?" అని అడిగాడు. మా ఆయన కూడా ముందుకు వంగి, "అదే నానూ అడుగుదావనుకుంతన్నాను. ఎలా తెలిసిందే?" అన్నారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు, ఆటగాడు ఆటగాణ్ని అడిగినట్టు. ఊరికే ముక్కలు బాగున్నాయి అంటే పోయేది. నోరు జారాను. నలుగురూ నా వైపు చూస్తుంటే అదొక పొగరు వచ్చింది. కుడిచేయి ఎత్తి, రెండు వేళ్లూ నలిపి చూపించి, "ఈయన అబద్ధమాడితే మొహం చూడకండి, ఇక్కడ చూడండి. తుమ్మపాల రైతన్నా ఇదే, చుట్ట మానేశానన్నా ఇదే" అన్నాను, ఆయన గొంతు కూడా పెట్టి. నవ్వలేక చచ్చారు అందరూ. ఒకాయనకి పొలమారి టీ చొక్కా మీద పడింది.

మా ఆయన తన చేతిని తిప్పి చూసుకున్నారు.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"పెళ్లైన కాణ్నుంచీ" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. నవ్వులన్నీ అయ్యి అందరూ ఫొటోలకి లేచాక, నా పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు. "మీ నాన్నప్పుడు కూడానా?"

నేను తల ఊపాను. ఆయన నది వైపు తిరిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. ఆ కాఫీ సంగతి, నన్ను కాపాడానన్న సంగతి, అన్నీ ఆ ఒక్క తల ఊపుతో లాగేసుకున్నాను. ఎందుకు చెప్పానా అని నా నోటిని నేనే కొట్టుకున్నాను, లాభమేముంది?

ఊరొచ్చాక అది మార్కెట్‌కి పాకింది. "మామా, దర సెప్పు. సెయ్యి సూపించి సెప్పు" అని వేళాకోళం. రైతులు కూడా దిమ్మ మానేసి ఆయన వేళ్లు చూడటం మొదలెట్టారట. వ్యాపారంలో మాటే కదా మనిషికి మిగిలేది, దాన్ని నేను నవ్వులపాలు చేశాను. ఆయన కుడిచేయి జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో పలుకు విరవడం మొదలెట్టారు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆలస్యమైతే ఆలస్యమైందంటారు, ఎందుకో చెప్పరు. "తప్పయిపోయిందండీ" అని ఎన్నిసార్లు అన్నానో. "తప్పేటుంది? ఉన్నదే సెప్పేవు" అంటారు. తిట్టినా బాగుండును. తుమ్మపాల రైతు కూర్చోబెట్టేశాడని ఒక్కసారి చెబితే బాగుండునని వీధి గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన సాయంత్రాలున్నాయి.

ఈమధ్య మేడ మెట్లెక్కితే ఆయనకి ఆయాసం వస్తోంది. గుండె పరీక్షలకి విశాఖపట్నం వెళ్లారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. సాయంత్రం బండి చప్పుడు వినగానే పరుగెత్తుకుంటూ గుమ్మంలోకి వెళ్లాను.

"ఏటన్నారండీ?"

"గుండెకేటీ నేదన్నారు. గాస్ అంట" అన్నారు. అని, కుడిచేయి జేబులోంచి తీశారు. అరచెయ్యి పైకి పెట్టి నా ముందు చాపారు. "నమ్ముతావా, సూత్తావా?"

"నమ్ముతానండీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే నా కళ్లు ఆయన వేళ్ల మీదికి వెళ్లిపోయాయి. వేళ్లు కదలడం లేదు. నిజమే చెప్పారు. హమ్మయ్య అని తలెత్తేసరికి ఆయన నా కళ్లనే చూస్తున్నారు.