డ్యూటీ కారు బేరం

మా ఇంట్లో బేరమాడేది నేను. మా ఆయన హైస్కూల్లో సైన్సు టీచరు. సంతలో వంకాయలమ్మ ఎంత చెబితే అంత ఇచ్చి, పుచ్చులు కూడా ఏరకుండా సంచిలో వేయించుకుని వస్తారు. బేరమాడితే ఎదుటి మనిషిని అనుమానించినట్టవుతుందని ఆయన బాధ. నాకెప్పుడూ అలా అనిపించలేదు. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినదాన్ని. వ్యాపారి వచ్చి ఒక ధర చెప్పగానే సరేనన్నవాళ్లను మా ఇంట్లో నేనెన్నడూ చూడలేదు.

మేముండేది పెనుకొండలో. నా ఉద్యోగం హిందూపురంలో, ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇన్నేళ్లూ బస్సులోనే పోయి వచ్చాను. పొద్దున డ్యూటీ అంటే తెల్లారకముందే వంట ముగించి బస్టాండుకు పరిగెత్తాలి. సీటు దొరికిన రోజు పండగే. మా ఊరి పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, కొత్త కార్లను రెండంతస్తులుగా మోసుకెళ్లే పొడవాటి లారీలు మా బస్సు పక్కనే పోయేవి. మెరిసిపోయే ఆ కార్లలో మనుషులుండరు. బస్సులో మేం ఒంటికాలి మీద నిలబడి వాటిని చూసేవాళ్లం.

ఒక వానపొద్దున సోమందేపల్లి దాటకముందే బస్సు చెడిపోయింది. వెనక వచ్చిన బస్సు నిండిపోయి ఉంది, ఆగలేదు. ఆటో దొరికి నేను వార్డు చేరేసరికి బాగా ఆలస్యమైంది. రాత్రి డ్యూటీ చేసిన అమ్మాయి నాకోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. ఇంట్లో ఆమె బిడ్డకు జ్వరమట. నన్ను చూడగానే లేచి, వార్డు అప్పగించి, ఒక్కమాట కూడా అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయనతో, "కారు కొంటాండా" అని చెప్పాను.

డ్రైవింగు నాకు అప్పటికే వచ్చు. నలభై దాటాక నేర్చుకున్నాను. క్లచ్ వదలగానే బండి ఎగిరెగిరి ఆగిపోతుంటే నేర్పించేవాడు తల పట్టుకునేవాడు. అయినా వదల్లేదు. లైసెన్సు వచ్చాక మా తమ్ముడి పాత కారు అడిగి తీసుకుని తిప్పి తిప్పి చేయి కుదుర్చుకున్నాను. మా ఆయనకు డ్రైవింగు రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు.

మొదట హిందూపురంలోని షోరూముకే వెళ్లాం. నాకు కావలసింది చిన్న కారు. పెట్రోలు తక్కువ తాగాలి, ఆసుపత్రి సందులో తిరగాలి, రోజూ పోయి వచ్చినా ఒళ్లు నొప్పులు రాకూడదు. అలాంటిది ఒకటి నడిపి చూశాను. స్టీరింగు ఒక వేలితో తిరిగింది. లోపల మనసు గంతులేస్తున్నా ముఖం మాత్రం ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు పెట్టుకునే ముఖం లాగే పెట్టుకున్నాను.

లోపల మేనేజరు మాకు కుర్చీలు చూపించి, మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"సార్, ఏ కలర్ అనుకుంటాండారు?"

"ఆమెను అడుగప్పా" అన్నారు మా ఆయన.

మేనేజరు నావైపు తిరిగి చిన్నగా నవ్వి, మళ్లీ ఆయనవైపే తిరిగాడు. "సార్, లోను మా ద్వారానే చేసిస్తాం, ఏమీ ఇబ్బంది ల్యా."

ధర రాసిన కాగితం కూడా ఆయన ముందే పెట్టాడు. నేను దాన్ని నావైపు లాక్కున్నాను. అన్నీ కలిపి ఏడు లక్షల ముప్పై వేలు దాటింది. ఒక్కొక్క లైను మీద వేలు పెట్టి చదివాను.

"ఈ హ్యాండ్లింగ్ చార్జీలు ఏంటికప్పా?"

"బండిని యార్డు నుంచి ఈడికి తెచ్చేదానికి మేడమ్."

"ఈడికి తెచ్చేది మీ పని కదా. నేను అంగడిలో చీర కొంటే, దాన్ని ధర్మవరం నుంచి తెచ్చినందుకు అంగడాయన వేరేగా తీసుకుంటాడా?"

అతను నవ్వాడు. "అందరూ ఇస్తాండారు మేడమ్."

"అందరూ అడిగుండరు."

ఇన్సూరెన్సు బయట చేయించుకుంటానంటే క్లెయిములప్పుడు కష్టమన్నాడు. సీటు కవర్లు, మ్యాట్లు, ఇంకేవేవో కలిపి యాక్సెసరీస్ అని వేసిన మొత్తం తీసేయమంటే, అవి బండితోపాటే వస్తాయన్నాడు. "మీరు మా ఆసుపత్రి మేడమ్ కాబట్టి" అంటూ రెండు వేలు తగ్గించాడు. కాగితం మడిచి పర్సులో పెట్టుకుని లేచాను.

రోడ్డు మీదికి రాగానే మా ఆయన చెమట తుడుచుకున్నారు. "వాళ్ల ముందర అంతగా అడగల్లనా? ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. దుడ్లు మనవి కదా" అన్నాను. హిందూపురంలో పని చేసీ చేసీ డబ్బుకు ఆ మాటే నా నోట వస్తుంది.

తర్వాతి ఆదివారం రైలెక్కి ధర్మవరం వెళ్లాం. మా చెల్లెల్ని ఆ ఊరే ఇచ్చాం. వాళ్లింట్లో రెండు మగ్గాలున్నాయి. దాన్ని కూడా వెంటబెట్టుకుని అక్కడి షోరూముకు పోయాం. అదే కారు, అదే మోడలు. ధర దగ్గర దగ్గర నలభై వేలు తక్కువ! మా ఆయన ముఖం వెలిగిపోయింది. బేరం లేకుండానే గండం గడిచిందని ఆయన సంతోషం. మా చెల్లెలైతే, "రంగు కూడా బాగుండాది, తీసుకోక్కా" అని మోచేత్తో పొడిచింది.

"బండి చూపించప్పా" అన్నాను.

వెనక రేకుల షెడ్డులో ఉంది. పైన తుడిచారు గానీ చక్రాల సందుల్లో దుమ్ము గట్టిపడి ఉంది. వైపర్ రబ్బరు ఎండకు బిరుసెక్కింది. అమ్మే అతన్ని, ఈ బండి ఎప్పుడు తయారైంది అని అడిగాను. అతను అటూ ఇటూ చూశాడు. మళ్లీ అడిగాను.

"పోయిన ఏడుదక్కా. కానీ ఒక్క కిలోమీటరు కూడా తిరగల్యా. కొత్తదే."

ముందే ఆ మాట చెప్పి ఉంటే ఆలోచించేదాన్నేమో. అడిగితే తప్ప చెప్పని మనిషి దగ్గర ఇన్ని లక్షలు పెట్టబుద్ధి కాలేదు. ధర రాసిన కాగితం మాత్రం అడిగి తీసుకున్నాను. తిరుగు రైల్లో ఉసూరుమనిపించింది. కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ, హిందూపురం అతను చెప్పిన ధరే ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. ఇంటికి వచ్చి పడుకున్నాక ఆ హ్యాండ్లింగ్ చార్జీలు గుర్తొచ్చి మళ్లీ ఒళ్లు మండింది. మండటం మంచిదే అయింది.

నెలాఖరుకు లెక్కలు చూపించుకోవాలి కాబట్టి అప్పుడు షోరూములవాళ్లు కొంచెం మెత్తబడతారని మా వార్డులో పెద్ద నర్సమ్మ చెప్పింది. ఆ మధ్యే కారు కొన్న మనిషి. సరే, నెల చివర్లో మళ్లీ హిందూపురం షోరూముకు పోయాం. ధర్మవరం కాగితం మేనేజరు ముందు పెట్టాను. అతను చదివి, కళ్లు చిన్నవి చేసి నన్ను చూశాడు.

"ఇది ఈ ఏడు బండేనా మేడమ్?"

అవునంటే సరిపోయేది. ఆ కాగితంలో ఏ ఏడుదో రాసి లేదు. మా ఆయన ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది.

"కాదు. పోయిన ఏడుది" అన్నాను.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. కాగితం వెనక్కి తోశాడు. "అయితే ఇది లెక్కకు రాదు మేడమ్."

"రాకపోతే పోనీ. నీ బండి కొత్తది కాబట్టే మళ్లీ నీ దగ్గరికి వచ్చినా. కానీ హ్యాండ్లింగ్ చార్జీలు ఇయ్యను. ఇన్సూరెన్సు బయట చేసుకుంటా, ఆడ నీకన్నా బాగా తక్కువ చెప్పినారు. నేను వద్దన్న సీటు కవర్లకు దుడ్లు కట్టను. ఇవి పోయినాక ధరలో ఎంత తగ్గిస్తావో చెప్పు."

"అట్ల ఎట్ల అవుతుంది మేడమ్..." అని, ఇక నాతో లాభం లేదనుకున్నాడేమో, మా ఆయనవైపు తిరిగాడు. "సార్, మీరన్నా చెప్పండి సార్."

ఇన్నేళ్ల కాపురంలో బేరం దగ్గర మా ఆయన నోరు విప్పిందే లేదు. విప్పితే నా పని చెడగొట్టడానికే.  ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు.

"నన్నెందుకు అడుగుతావప్పా? కారు ఆమెది. దుడ్లు ఆమెవి. నడిపేది ఆమె. నేను పక్క సీట్లో కూర్చునేవాణ్ణి. ఆమె వద్దంటే నాకూ వద్దు."

 మేనేజరు మొట్టమొదటిసారి తన కుర్చీని పూర్తిగా నావైపు తిప్పుకున్నాడు. ఓనరును అడిగి రేపు చెబుతానన్నాడు. మేం లేచి వచ్చేశాం. బస్సులో మా ఆయన నా ముఖం చూసి, "తప్పుగా మాట్లాడినానా?" అని అడిగారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన చేయి నొక్కి వదిలాను.

మరునాడు పొద్దున డ్యూటీ. వార్డులోకి పోయేముందు ఫోను లాకర్లో పెట్టేయడం నా అలవాటు. ఆ రోజు జ్వరాల కేసులు వరసపెట్టి వచ్చాయి. సెలైన్లు మారుస్తూ, డాక్టరు వెనక పరిగెడుతూ కారు సంగతే మరిచిపోయాను. మధ్యాహ్నం డ్యూటీ దిగి లాకరు తెరిస్తే ఫోను నిండా మేనేజరు మిస్డ్ కాల్సే. మధ్యమధ్య మెసేజీలు. మొదటిదాంట్లో హ్యాండ్లింగ్ చార్జీలు తీసేస్తామని ఉంది. ఆ తర్వాతిదాంట్లో ఇన్సూరెన్సు బయట చేసుకోవచ్చని, యాక్సెసరీస్ వద్దంటే వద్దని. చివరిదాంట్లో కారు ధరలోనే ఇరవై వేలు తగ్గిస్తామని, మ్యాట్లు, బాడీ కవరు ఊరికే ఇస్తామని, దయచేసి ఈరోజే రమ్మని.

నేను ఫోను ఎత్తని ప్రతిసారీ ధర ఒక మెట్టు దిగింది! బెంచీ మీద కూర్చుని ఆ మెసేజీలు పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదువుకున్నాను. ఒక్కదాన్నే నవ్వుతుంటే వార్డులో పనిచేసే ఆయమ్మ వచ్చి, "ఏమైందక్కా, ఏమన్నా శుభవార్తా?" అంది.

యూనిఫారంలోనే షోరూముకు పోయాను. మేనేజరు ఎదురొచ్చాడు.

"ఏం మేడమ్, ఫోనే ఎత్తల్యా? ఆమె ధర్మవరం పోయినాదేమో అని మా ఓనరు పొద్దున్నుంచి నన్ను తింటాండాడు."

"యాడికీ పోలేదప్పా. డ్యూటీలో ఉన్నా. ఫోను లాకర్లో ఉన్నింది."

అతను నోరు తెరిచి, నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పక్క టేబులు దగ్గరున్న వాళ్లు కూడా నవ్వారు. "సరే మేడమ్, చెప్పింది చెప్పిందే. మాట తప్పేది ల్యా" అన్నాడు. ఆ మాటతో నాకు అతని మీద గౌరవం కలిగింది. గౌరవం గౌరవమే, బేరం బేరమే. "వారంటీ ఇంకో రెండేళ్లు పెంచు, దానికయ్యే దుడ్లలో సగమే తీసుకో. ఇప్పుడే అడ్వాన్సు కడతా" అన్నాను. అతను కాసేపు పైకప్పు చూసి, కాసేపు నన్ను చూసి, పెన్ను తీశాడు.

ఇంటికి వచ్చి మా ఆయన, నేను కలిసి లెక్క చూసుకున్నాం. బయట చేయించిన ఇన్సూరెన్సు కూడా కలుపుకుంటే, మొదట చెప్పిన ధర కన్నా యాభై ఎనిమిది వేలు తక్కువ. అదీ ఈ ఏడు తయారైన బండి, నేను కోరిన తెల్ల రంగు. మా ఆయన ఆ అంకెను కూడి, తీసివేసి, మళ్లీ కూడారు. తర్వాత కళ్లద్దాలు తీసి, "నిన్ను మా స్కూలుకు హెడ్మాస్టరుగా పెట్టల్ల" అన్నారు.

కారు ఇచ్చే రోజు షోరూములో పూలదండ వేశారు, కేకు తెచ్చారు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఒకటి ఫొటో కోసం మా ఆయన చేతికివ్వబోయారు. మేనేజరే అడ్డం వచ్చి, "సార్‌కు కాదు, మేడమ్‌కు ఇయ్యండబ్బా" అన్నాడు. ఆ ఫొటోలో నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను. మా ఆయన దండ సర్దుతూ సగమే పడ్డారు.

హిందూపురం నుంచి పెనుకొండ దాకా నేనే నడుపుకొచ్చాను. ఊరు దాటేదాకా భుజాలు బిగుసుకుని ఉన్నాయి. సోమందేపల్లి దగ్గర ఒక లారీని దాటాక సడలాయి. మా ఆయన పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఏసీ ఒకసారి పెంచి ఒకసారి తగ్గిస్తూ వచ్చారు. పెనుకొండ కొండ దూరాన కనిపించగానే నేను చిన్నపిల్లలా హారను కొట్టాను. ఎదురుగా ఎవరూ లేరు, ఊరికే.

ఆ వారమే నా పుట్టినూరు తలుపులకు, మా నాయన దగ్గరికి పోయాం. నాయన దొడ్డి దగ్గర గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. వచ్చి కారు చుట్టూ తిరిగాడు. తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు విన్నాడు. సీటు మీద చేయి వేసి నొక్కాడు.

"ఎంతకొచ్చింది పాపా?"

చెప్పాను.

"వాళ్లు మొదట ఎంత చెప్పినారు?"

అదీ చెప్పాను.  నాయన పెదవులు కదులుతున్నాయి, లోపల తీసివేత చేసుకుంటున్నాడు. తర్వాత తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, పక్కింటి గోడ దగ్గరికి పోయి గట్టిగా పిలిచాడు.

"ఏమబ్బా, ఒకసారి ఇట్ల రా. మా పాప కారు బేరం చేసుకొని వచ్చినాది, చెప్తాది విను."

పక్కింటాయన వచ్చాడు, ఆయన వెనకే ఆయన భార్య, ఆమె వెనకే వాళ్ల కోడలు. మా అమ్మ లోపలినుంచి మంచం లాక్కొచ్చి వేసింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేను కారుకు ఆనుకుని నిలబడి, షోరూములో మేనేజరు మా ఆయన ఎదురుగా కూర్చున్న దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాను.